పాలెన్ని వచ్చాయి బాబాయ్? ఐదు టీ షాపుల్ని దూరం నుంచి నడిపించిన నా అనుభవం

2024 ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున ఐదుంబావుకి కాజా టోల్‌గేటు దగ్గర కారు పక్కకి ఆపి, రెండు ఫోన్లు రెండు చెవులకి పెట్టుకుని మాట్లాడాను. ఒక ఫోన్లో మంగళగిరి షాపు కుర్రాడు. "సార్, సిలిండర్ అయిపోయింది. స్పేర్ కూడా ఖాళీయే" అంటున్నాడు. ఐదు నిమిషాల క్రితమే ఆ షాపు ముందు నుంచి వచ్చాను, ఆగలేదు. రెండో ఫోన్లో పటమట షాపు వాళ్లు. తాళంచెవి పట్టుకెళ్లిన టీ మాస్టర్ ఫోన్ ఎత్తట్లేదట, షట్టర్ ముందు నలుగురు నిలబడి ఉన్నారట. నేను వెళ్తున్నదేమో గుంటూరు బ్రాడీపేట షాపుకి. ఆ రోజు అక్కడ కంపెనీ వాళ్ల ఆడిట్. విజయవాడ నుంచి గుంటూరు ముప్పై అయిదు కిలోమీటర్లే, కానీ ఆ పొద్దున నాకు ఆ దారి తెగలేదు.

మాది టీ ఫ్రాంచైజీ. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. 2019లో విజయవాడ పటమటలో ఒక్క షాపుతో మొదలుపెట్టాను. మధ్యలో కరోనా వచ్చి మూతపడి, మళ్లీ తెరిచి, నిలదొక్కుకున్నాక 2022లో గవర్నర్‌పేట, ఆ మరుసటేడు మంగళగిరి, బ్రాడీపేట, 2024 మొదట్లో సింగ్ నగర్. ఒక షాపు బాగా నడిస్తే ఐదు షాపులు ఐదింతలు బాగా నడుస్తాయని అనుకున్నాను. షాపులు ఐదయ్యాయి గానీ నేను ఒక్కడినే. ఈ చిన్న లెక్క నాకు కాజా దగ్గర ఆ పొద్దునే తలకెక్కింది.

బయటి వాళ్లకి టీ షాపంటే పాలు, పంచదార, పొడి. లోపల ఉన్నవాళ్లకి తెలుసు కాగితాల సంగతి. జీఎస్టీ నంబరు రాష్ట్రానికంతా ఒకటే సరిపోతుంది, కొత్త షాపుని అదనపు వ్యాపార స్థలంగా అందులో చేర్పించుకుంటే చాలు. ఫుడ్ లైసెన్స్ అలా కాదు. ప్రతి షాపుకీ విడిగా తీసుకోవాలి, ఆ పద్నాలుగంకెల నంబరు బిల్లు మీద కనపడాలి, అప్పట్లో ఒక్కోదాని గడువు ఒక్కో తేదీకి తీరేది. ట్రేడ్ లైసెన్సులు, అద్దె అగ్రిమెంట్లు, కమర్షియల్ సిలిండర్ల కనెక్షన్లు వేరే. పేరు వాడుకున్నందుకు కంపెనీకి కట్టే రాయల్టీ మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. మేం కట్టేది రెస్టారెంట్ల లెక్కన 5 శాతం, ఇన్‌పుట్ క్రెడిట్ లేకుండా. అంటే రాయల్టీ మీద కట్టిన ఆ 18 శాతం మాకు తిరిగి రాదు. ఇంత సన్నటి లాభం మీద నడిచే వ్యాపారంలో రోజుకి నాలుగు పాల ప్యాకెట్లు అటూ ఇటూ అయితే నెలాఖరుకి తేడా తెలుస్తుంది. దీని సంగతి తర్వాత చెప్తాను.

దూరం నుంచి ఆఫీసు పని చేసిపెట్టే మనిషిని పెట్టుకోమని సలహా ఇచ్చింది అమెరికాలో ఉన్న మా బావమరిది. అక్కడ డెంటల్ క్లినిక్‌ల వాళ్లు, రియల్ ఎస్టేట్ వాళ్లు ఇలా ఇంట్లోంచి పనిచేసే వర్చువల్ అసిస్టెంట్లతోనే ఫోన్లు, అపాయింట్‌మెంట్లు, లెక్కలు నడిపిస్తారట. "వాళ్లకి అంత దూరం నుంచి మనవాళ్లు చేస్తుంటే, నీకు చేసిపెట్టలేరా బావా?" అన్నాడు. మాట బాగానే ఉంది. ఒక ఏజెన్సీతో మాట్లాడి మూడు నెలల డబ్బు ముందే కట్టాను.

ఆ మూడు నెలలూ వృథా. అవతలి మనిషి తెలివైనదే, కష్టపడేదే. తప్పు ఆమెది కాదు. ఆమెకి తెలుగు రాదు. రోజూ ఆరింటికల్లా గ్రూపులో పది లైన్ల ఇంగ్లీషు మెసేజ్ పెట్టేది. మా కుర్రాళ్లు అందరూ బొటనవేలు గుర్తు పెట్టేవారు. ఒక్కడు కూడా చదివేవాడు కాదు. మా మాస్టర్లలో ఇద్దరికి సంతకం చేయడం తప్ప రాయడం రాదు. సగం మంది కుర్రాళ్లు ఒడిశా నుంచి వచ్చినవాళ్లు, తెలుగు మాట్లాడతారు, చదవలేరు. ఆమె పెట్టిన షీట్లన్నీ పచ్చగా, అంతా బాగున్నట్టు కనిపించేవి. షాపులో మాత్రం అల్లం లేక అల్లం టీ ఆపేసేవారు.

తర్వాత మా ఆవిడ ఒక అమ్మాయి గురించి చెప్పింది. నరసరావుపేట. హైదరాబాద్‌లో ఏడేళ్లు ఒక విదేశీ కంపెనీకి బ్యాక్ ఆఫీసు పని చేసింది. పెళ్లయ్యాక అత్తగారింటికి వచ్చేసింది. ఇంట్లోంచే పని చేస్తానంటోందట. ఫోన్లో మాట్లాడాను. నెలకి పదహారు వేలు, పొద్దున అయిదు నుంచి ఎనిమిదిన్నర, రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండు, ఆదివారం పొద్దున మాత్రమే అని ఒప్పుకున్నాం. నేను వెంటనే పాస్‌వర్డులు పంపబోతుంటే ఆమే ఆపింది.

"పాస్‌వర్డులు తర్వాత తీసుకుంటానండి. ముందు నేను షాపులు చూడాలి. ఒక నాలుగు రోజులు మీవాళ్లతో నిలబడతాను."

నా మొత్తం అనుభవంలో అన్నిటికంటే పనికొచ్చింది ఆ నాలుగు రోజులే. ఇప్పుడెవరైనా నన్ను అడిగితే మొదట ఇదే చెప్తాను. దూరం నుంచి పని చేసే మనిషైనా సరే, మొదలుపెట్టే ముందు పొయ్యి దగ్గర వేడి ఆ మనిషికి తగలాలి. ఆమె మా ఇంట్లోనే ఉంది. తెల్లవారి నాలుగున్నరకి మా ఆవిడతో కలిసి పటమట షాపుకి వచ్చేది. పాల ట్రేలు దింపడం, మొదటి డికాషన్ దిగడం, మొదటి టీ దేవుడి పటం ముందు పెట్టడం, ఆరింటికి ఆటోవాళ్లు, ఏడింటికి వాకింగ్ వాళ్లు, తొమ్మిదింటికి బ్యాంకు వాళ్లు, అన్నీ చూసింది. చేతిలో చిన్న నోట్‌బుక్. నేను అనుకున్నాను, షాపు గురించి రాసుకుంటోందని. ఆమె రాసుకున్నది నా గురించి. నాలుగు రోజుల్లో నా ఫోనుకి షాపుల నుంచి ఎన్ని ఫోన్లు వచ్చాయో, ఎవరేం అడిగారో, నేనేం చెప్పానో మొత్తం రాసింది.

నాలుగో రోజు సాయంత్రం ఆ పుస్తకం నా ముందు పెట్టింది. నూట డెబ్బై మూడు ఫోన్లు. "సార్, వీటిల్లో నూట ఇరవై పైన ఈ తొమ్మిది ప్రశ్నలే. పాలు ఎన్ని చెప్పమంటారు? సిలిండర్ ఎవరికి చెప్పాలి? అడ్వాన్స్ ఇవ్వచ్చా? సెలవు ఇవ్వచ్చా? చిల్లర లేదు ఏం చేయాలి? ఇవే. మీరు ప్రతిసారీ ఒకే జవాబు చెప్తున్నారు. ఆ జవాబు మీ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. అందుకే మీకు ఫోన్లు."

అది విని నేను చాలాసేపు ఏమీ అనలేకపోయాను. అయిదేళ్లుగా నేను పడ్డది కష్టమనే అనుకున్నాను. ఆ కష్టంలో మూడొంతులు, నా బుర్రలో ఉన్నది బయట పెట్టకపోవడం వల్ల వచ్చిందే.

ఆ తర్వాత రెండు వారాలు నేను మాట్లాడటం, ఆమె రాయడం. పాలు ఎన్ని చెప్పాలో వారం రోజుల అమ్మకం చూసి ఎలా లెక్క కట్టాలి, సిలిండర్ మార్చిన రోజున దాని మీద సుద్దతో తేదీ ఎందుకు రాయాలి, గల్లాలో పొద్దున ఎంత చిల్లర ఉంచాలి. కుర్రాళ్లకి కాగితం ఇవ్వలేదు. ప్రతి పనికీ ముప్పై, నలభై సెకన్ల వాయిస్ మెసేజ్ తెలుగులో రికార్డు చేసి, గ్రూపులో పైన ఉండేలా పెట్టింది. వాళ్లు కూడా టైపు చేయక్కర్లేదు. పొద్దున ఒక వాయిస్, పాలెన్ని వచ్చాయి, ఎవరెవరు వచ్చారు. రాత్రి మూసేటప్పుడు నాలుగు ఫొటోలు. కడిగిన గిన్నెలు, ఫ్రిజ్‌లో మిగిలిన పాలు, తేదీ కనపడేలా సిలిండర్, కౌంటర్. ఆమె అవన్నీ విని, చూసి, గూగుల్ షీట్‌లో ఎక్కిస్తుంది. రోజుకి షాపుకి ఒక వరుస. పాలు, టీలు, బిస్కెట్లు, క్యాష్, యూపీఐ, డెలివరీ ఆర్డర్లు. రాత్రి పదకొండుకి నాకొక్క మెసేజ్. అంతా సవ్యంగా ఉంటే "ఐదూ మూశారండి" అని మాత్రమే.

పాస్‌వర్డుల విషయంలో మాత్రం గట్టిగా ఉన్నాం, ఇద్దరం. గూగుల్‌లో మా షాపుల పేజీలకి ఆమెని మేనేజర్‌గా చేర్చాను, ఓనర్‌గా కాదు. మేనేజర్ టైమింగులు మార్చగలరు, రివ్యూలకి జవాబు ఇవ్వగలరు, పేజీనే తీసేయడం గానీ ఓనర్ని తప్పించడం గానీ చేయలేరు. డెలివరీ యాప్‌లలో ఐటమ్ ఉందో లేదో మార్చే వీలు ఇచ్చాను. బ్యాంకు ఖాతా లోపలికి రానివ్వలేదు, స్టేట్‌మెంట్ నేనే డౌన్‌లోడ్ చేసి పంపుతాను. ఓటీపీ ఎవరికీ చెప్పేది లేదు, ఆమెకైనా సరే. మొదటి వారంలోనే ఆమె అంది, "ఎప్పుడైనా నేను తొందరలో ఓటీపీ అడిగినా చెప్పకండి సార్. అది నేను కాకపోవచ్చు." ఇంకో సంగతి. ఫ్రాంచైజీ తీసుకున్నవాళ్లు తమ అగ్రిమెంట్ తీసి చూసుకోవాలి. రెసిపీలు, కంపెనీ మాన్యువల్ బయటివాళ్లకి చూపకూడదనే షరతు మా దాంట్లో ఉంది. కంపెనీకి మెయిల్ రాసి, ఇలా ఒక మనిషిని పెట్టుకుంటున్నానని చెప్పి, ఒప్పుకున్నట్టు జవాబు తెప్పించుకున్నాను. మసాలా కొలతలు ఇప్పటికీ ఆమెకి తెలియవు, తెలియాల్సిన పనీ లేదు.

సీసీ కెమెరాల లాగిన్ ఇస్తానంటే ఆమే వద్దంది. "కూర్చుని మనుషుల్ని కాపలా కాసే పని నాకొద్దండి. లెక్క చూస్తే చాలు." అప్పుడు నాకది అర్థం కాలేదు. బ్రాడీపేటలో అర్థమైంది.

ఆమె చేరిన మూడో నెలలో విజయవాడ మీదికి బుడమేరు వాగు వరద వచ్చింది.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. సింగ్ నగర్ షాపులో పొద్దున ఆరుగురు ఉన్నారు. వాన రాత్రి నుంచీ ఆగలేదు. రోడ్డు మీద మోకాళ్ల లోతు అని ఒకడు వాయిస్ పెట్టాడు. గంటలో నడుం లోతు అన్నాడు. ఆ తర్వాత షాపు కనపడలేదు. కుర్రాళ్లు ఆ బిల్డింగ్ రెండో అంతస్తుకి ఎక్కారు. నేను ఇటు పక్క, వాళ్లు అటు పక్క. మధ్యలో నీళ్లు. కరెంటు పోయింది. నాకు చేతులు ఆడలేదు, పదేపదే ఆరు నంబర్లకీ ఫోన్లు చేస్తున్నాను. నరసరావుపేట నుంచి ఆమె నాకు ఫోన్ చేసి, "సార్, మీరు వాళ్లకి చేయకండి, ఛార్జింగ్ అయిపోతుంది" అంది. కుర్రాళ్లకి చెప్పింది, అయిదు ఫోన్లు ఆపేయండి, ఒక్కటే ఆన్‌లో ఉంచండి, రెండు గంటలకోసారి నేనే చేస్తాను, అది అయిపోతే రెండోది తీయండి అని. ఒడిశాలో ఉన్న వాళ్ల ఇళ్లకి తనే ఫోన్ చేసి చెప్పింది. రెండు రోజులు అలా నడిచింది. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అటు నది, ఇటు బుడమేరు. మూడో రోజు పడవలో ఆరుగురూ బయటికి వచ్చారు. వాళ్లు బయట పడేదాకా ఆమె నిద్రపోలేదని వాళ్ల అత్తగారు తర్వాత మా ఆవిడకి చెప్పారు.

షాపులో నీళ్లు తీయడానికి వారం దాటింది. ఫ్రిజ్, మిక్సర్లు, పొడి బస్తాలు, ఫర్నిచర్, గోడకి తగిలించిన లైసెన్సులు, డ్రాయర్‌లో ఫైలు, అన్నీ బురద. మాకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే ఇన్సూరెన్స్ పాలసీ ఉంది, వరద కూడా అందులో కవర్ అవుతుంది. కానీ సర్వేయర్ వచ్చి అడిగేది కాగితాలే కదా. కొన్న బిల్లులు, స్టాకు లిస్టు, ముందు ఎలా ఉండేదో ఫొటోలు. జూలైలో ఆమె పట్టుబట్టి ఐదు షాపుల ఫైళ్లూ స్కాన్ చేయించింది. అప్పట్లో నాకు కొంచెం విసుగ్గా ఉండేది, రోజూ "సార్, ఫ్రిజ్ బిల్లు దొరికిందా?" అని అడుగుతుంటే. ఆగస్టు 31 రాత్రి మూసేటప్పుడు తీసిన నాలుగు ఫొటోలు తేదీతో సహా ఉన్నాయి. ఒకే ఫోల్డర్ సర్వేయర్‌కి పంపాం. మొత్తం రాలేదు గానీ, మళ్లీ తెరవడానికి సరిపడా వచ్చింది. నవంబర్‌లో తెరిచాం.

ఆ మధ్యలో ఒక పెద్ద పొరపాటు కూడా జరిగింది, దానికి బాధ్యత నాదే. దసరాల్లో మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి మీద అమ్మవారు సరస్వతీ అలంకారంలో ఉంటారు. ఆ రోజు విజయవాడ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ముందు రోజు రాత్రే బస్టాండూ స్టేషనూ నిండిపోతాయి. గవర్నర్‌పేట షాపుకి ఆ రోజు మామూలుకి రెండున్నర రెట్లు పాలు కావాలి. ఆమె ముందు వారం సగటు చూసి, పది లీటర్లు ఎక్కువ వేసి ఇండెంట్, అంటే ఆర్డర్, పెట్టింది. తొమ్మిదింటికి పాలు అయిపోయాయి. పిల్లల్ని ఎత్తుకుని క్యూల్లో నిలబడి దిగొచ్చిన వాళ్లు షాపు దాకా వచ్చి వెనక్కి వెళ్లారు. కంపెనీకి ఫిర్యాదు కూడా వెళ్లింది. ఆమె ఏడ్చినంత పని చేసింది. కానీ నరసరావుపేటలో ఉన్న మనిషికి మూలా నక్షత్రం నాటి గవర్నర్‌పేట ఎలా తెలుస్తుంది? అది నా బుర్రలో ఉంది, తొమ్మిది ప్రశ్నల్లో లేదు.

అప్పుడు కూర్చుని ఒక ఊరి క్యాలెండర్ రాశాం. మూలా నక్షత్రం. భవానీలు దీక్ష విరమించే రోజులు. ఫాల్గుణంలో మంగళగిరి తిరునాళ్లు. సంక్రాంతికి బ్రాడీపేట హాస్టళ్లు ఖాళీ అయ్యే వారం, ఆ వారమే పటమటలో హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లతో అమ్మకం పెరగడం. ఇంటర్ పరీక్షలప్పుడు రాత్రి పదింటి దాకా బ్రాడీపేటలో పిల్లలు. ఎండాకాలం సెలవుల్లో మిర్చి యార్డు మూతపడితే గుంటూరులో రైతులూ హమాలీలూ తగ్గడం. రాస్తుంటే నాకే ఆశ్చర్యమేసింది, ఇంత ఉందా అని. ఈ క్యాలెండర్ ఏ కంపెనీ మాన్యువల్‌లోనూ ఉండదు.

ఇప్పుడు బ్రాడీపేట సంగతి.

అక్కడి మాస్టర్‌కి దగ్గర దగ్గర అరవై ఏళ్లు. ముప్పై ఏళ్లుగా టీ పెడుతున్నాడు. ఆమె ఆయన్ని బాబాయ్ అంటుంది, ఆయన అమ్మాయ్ అంటాడు. 2025 ఫిబ్రవరిలో ఆ షాపు లెక్క తప్పడం మొదలైంది. మా కొలత ప్రకారం లీటరు పాలకి పదహారు టీలు రావాలి. రోజుకి మూడువందల ఎనభై టీలు అమ్ముతాం, అంటే ఇరవై నాలుగు లీటర్లు. ముప్పై లీటర్లు అయిపోతున్నాయి. ఒక రోజు కాదు, వరసగా తొమ్మిది రోజులు. రోజుకి ఆరు లీటర్లు ఎక్కడికి పోతున్నాయి?

నాకు ఒకే ఆలోచన వచ్చింది. అమ్మిన టీలు బిల్లులో వేయట్లేదు, డబ్బు జేబులో వేసుకుంటున్నారు. గల్లా మాస్టర్ చేతిలోనే ఉంటుంది. ఆయన కూతురి పెళ్లి కూడా దగ్గర పడింది. ఇవన్నీ కలిపి నేనే ఒక కథ అల్లుకున్నాను. మర్నాడు వెళ్లి ఆయన్ని పంపించేద్దామని నిర్ణయించుకుని, రాత్రి ఆమెకి ఫోన్ చేసి, కొత్త మాస్టర్ కోసం చూడమన్నాను.

"ఒక్క రోజు ఆగుతారా సార్?" అంది. "పాలు ఎక్కువ అవుతున్నాయి, నిజమే. పొడీ పంచదారా కూడా అదే లెక్కన ఎక్కువ అవుతున్నాయి. కప్పులు మాత్రం బిల్లుకి సరిపోతున్నాయి. దొంగ టీలు అమ్మితే కప్పులు కూడా పోవాలి కదండీ."

అది నేను చూడలేదు. ఆ రాత్రి ఆమె వెనక్కి వెళ్లి, ఫిబ్రవరి మొత్తం మూసేటప్పటి ఫొటోలు ఒక్కొక్కటీ తెరిచింది. కౌంటర్ ఫొటోలో కుడి మూల కప్పుల కట్టలు ఉంటాయి. కంపెనీ కప్పు మీద ఆకుపచ్చ గీత ఉంటుంది. తొమ్మిది రోజుల క్రితం నుంచీ ఆ మూలలో ఉన్నవి తెల్లవి. గీత లేదు.

పొద్దున వీడియో కాల్ చేసింది, నన్ను కూడా కలిపింది.

"బాబాయ్, మన గీత కప్పు ఒకటన్నా ఉందా?"

"ఒకటో రెండో ఉన్నాయి అమ్మాయ్. కంపెనీ స్టాకు రాలేదుగా, పట్నంబజారు నుంచి తెప్పించాం ఇవి."

"గీత కప్పులో అంచుకి కొంచెం కిందికి, మీరు టీ పోసేంత వరకు నీళ్లు పోయండి. ఇప్పుడా నీళ్లు తెల్ల కప్పులో పోయండి."

ఆయన పోశాడు. ఫోన్ కప్పు మీదికి వంచాడు. నీళ్లు ఎంత మేరకి వచ్చాయో తెర మీద స్పష్టంగా కనపడుతోంది. పైన బొటనవేలి వెడల్పు ఖాళీ. మన కప్పులో పోసేది ఎనభై మిల్లీలీటర్లు. ఇందులో కూడా అంచుకి అంతే కిందికి పోస్తే వంద పడుతుంది. ముప్పై ఏళ్లుగా అంచుకి కాస్త కిందికి పోయడం అలవాటైన చెయ్యి, కప్పు పెద్దదైనా అక్కడికే పోస్తుంది. ఒక్కో టీకి ఇరవై మిల్లీలీటర్లు, మూడువందల ఎనభై టీలకి ఏడున్నర లీటర్ల టీ. పాల లెక్కలోకి మారిస్తే సరిగ్గా ఆ ఆరు లీటర్లు.

మాస్టర్ ఆ కప్పు వంకే చూస్తూ, "అదా సంగతి! రోజూ పాలు చాలట్లేదేంటా అని నేనూ మథన పడి చస్తున్నా అమ్మాయ్. ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకున్నా" అన్నాడు.

నా గొంతు పెగల్లేదు. ఆయన మీద అనుమానపడ్డానని ఆయనకి ఇప్పటిదాకా తెలియదు. నేను ఆ పొద్దున వెళ్లి ఆయన్ని పంపించేసి ఉంటే, కొత్త మాస్టర్ కూడా అదే కప్పులో పోసేవాడు. ఆయన, కూతురి పెళ్లి పనుల మధ్య, దొంగ అనే పేరుతో ఇంటికి వెళ్లేవాడు. కెమెరా ముందు కూర్చుని ఉంటే మేం చూసేది ఆయన చేతుల్ని. ఆమె చూసింది కప్పుని.

మర్నాటి నుంచి కప్పుల స్టాకుకి కూడా ఒక హద్దు పెట్టుకున్నాం. రోజుకి ఎనిమిది కట్టలు అవుతాయి, కంపెనీ నుంచి రావడానికి ఆరు రోజులు పడుతుంది. అరవై కట్టలకి తగ్గగానే ఇండెంట్ పెట్టేయాలి. బయటి కప్పులు వాడటం అగ్రిమెంట్ ప్రకారం తప్పు కూడా, ఆడిట్‌లో పట్టుకుంటే జరిమానా పడేది.

2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు పెద్దగా తడబడలేదు. బిస్కెట్లు, నీళ్ల సీసాలు 18 నుంచి 5 శాతానికి వచ్చాయి. ఏ ప్యాకెట్ కొత్త ధర ఎంతో ముందు రోజు రాత్రే లిస్టు తయారు చేసి, ఐదు షాపుల బిల్లింగ్ మెషిన్లలో మార్పించి, బోర్డుల ఫొటోలు తెప్పించుకుంది. పాత రోజులైతే దీనికి నేను ఐదు షాపులూ తిరగాల్సి వచ్చేది.

కొన్ని మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. క్యాష్ తెచ్చుకోవడం, జీతాలు, అడ్వాన్సులు, ఎవరినైనా తీసేయడం, ఎవరింట్లోనైనా కష్టం. ఒక రాత్రి పదకొండుకి ఆమె ఫోన్ చేసి, "మంగళగిరి కుర్రాడి వాయిస్‌లో తేడాగా ఉందండి. పాల లెక్క చెప్పాడు గానీ ఏడుస్తున్నట్టుంది. ఇది నేను మాట్లాడే విషయం కాదు, మీరు వెళ్లండి" అంది. వెళ్లాను. ఊళ్లో వాళ్ల నాన్న పోయారు. తెల్లారి రైలుకి టికెట్ తీయించి, నేనే స్టేషన్ దాకా దింపాను. ఏది తన పనో, ఏది కాదో అంత కచ్చితంగా తెలిసిన మనిషి దొరకడం నా అదృష్టం. ఇప్పుడు నెలకి ఇరవై నాలుగు వేలు ఇస్తున్నాను. పొద్దున నాకు వచ్చే ఫోన్లు మూడో నాలుగో. వారంలో రెండు రోజులు పిల్లల్ని స్కూలుకి నేనే దింపుతున్నాను.

వచ్చే నెల నుంచి ఆమెకి సెలవు. ఎనిమిదో నెల నడుస్తోంది, పుట్టింటికి వెళ్తోంది. అయిదు నెలలకి జీతంలో సగం ఇస్తానన్నాను. మొదట మొహమాటపడింది, మా ఆవిడ ఒప్పించింది. ఆమె స్థానంలో తెనాలి నుంచి ఇంకో అమ్మాయి చేస్తుంది. ఆమెని కూడా నాలుగు రోజులు షాపుల్లో నిలబెట్టాం. బ్రాడీపేట బాబాయ్ ఆ అమ్మాయికి కొత్త కప్పులో నీళ్లు పోసి, టీ ఎక్కడిదాకా పోయాలో తనే చూపించాడు.

నిన్న రాత్రి ఆమె నాకొక ఫైలు పంపింది. కొత్త అమ్మాయి కోసం రాసింది, నలభై ఒక్క పేజీలు. క్యాలెండర్, తొమ్మిది ప్రశ్నలు, లైసెన్సుల తేదీలు, వరద వస్తే ఎవరి ఫోన్ ముందు ఆన్‌లో ఉంచాలో, అన్నీ ఉన్నాయి. మొదటి పేజీలో మొదటి లైను: "బ్రాడీపేట బాబాయ్‌కి టైపు చేస్తే చదవరు. వాయిస్ పెట్టండి. ముందు తిన్నారా అని అడిగి, తర్వాత పాలెన్ని వచ్చాయో అడగండి."